జింకు బొక్కెన

గూతియెన్‌లో వాన అడక్కుండా వస్తుంది,
పొమ్మన్నా పోదు.
కొండ వాలున మట్టి గోడల కొట్టంలో
ఇటుకల నేల మీద
పిక్కల ఎత్తున పోసిన అన్నం
ఆవిరి కక్కుతోంది.
నాలుగో రోజు.
ఈపాటికి గులాబీ తిరగాలి,
ఆరో రోజుకి దానిమ్మ గింజ కావాలి,
ఎండేసరికి పాత నెత్తురు.
ఇదేమో
జ్వరం పడి లేచిన పిల్లాడి పెదవిలా ఉంది.

రువాన్ సూజెన్ గుప్పెడు తీసి
ముక్కు దగ్గర పెట్టుకుంది.
"బూజు బతికే ఉంది, వాసన చెబుతోంది.
పని మానేసిందంతే."
డెబ్భై ఒక్కేళ్ళ ఆ వేళ్ళు
గోళ్ళ మొదళ్ళ దాకా ఎరుపు.
నీళ్ళ మీదే అనుమానం ఆమెకి.

నేను ఫుజౌ నుంచి వచ్చిన, ఉప్పులు తూచే మనిషిని.
దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె దగ్గర
ఊపిరి బిగబట్టడం నా ఉద్యోగం.
ఆమె బూజునీ, ఆమె బియ్యాన్నీ
మూట కట్టుకుని బస్సెక్కాను.

ఏడు సీసాలు పెట్టాను.
మొదటిదానికి మెగ్నీషియం ఇవ్వలేదు:
మొలిచింది, ఆలోచించింది, ఆగిపోయింది.
రెండోదానికి ఫాస్ఫేటు దండిగా పోశాను:
ఏం పెరిగిందనుకున్నారు!
పెళ్ళింట్లో దూరపు చుట్టంలా
సీసా అంతా తెల్లగా పరుచుకుని పడుకుంది.
రంగు ఊసే లేదు.
మూడోదానికి అదే ఫాస్ఫేటు చిటికెడు:
బక్కచిక్కింది, అంచుల్లో కాస్త సిగ్గుపడింది.
అమ్మోనియం తిన్నది నారింజ దగ్గరే ఆగింది.
ఇనుము తిన్నది తుప్పు దారి పట్టింది.
జింకు ఎక్కువైన ఆరోది
ఉండ చుట్టుకుని చచ్చిపోయింది.
ఏడోదానికీ జింకే,
ఆవగింజలో వెయ్యోవంతు.
అది పెద్దగా ఎదగలేదు.
కానీ అయిదో రోజు పొద్దున
దీపం వెయ్యకముందే
గదిలో ఎక్కడుందో తెలిసింది.

ఇదంతా చెబితే సూజెన్ నవ్వింది.
"ఆ రెండో సీసా మా రెండోవాడే.
తిని పడుకుంటాడు."
తర్వాత నవ్వు ఆపి,
"జింకు అంటే?" అంది.

బావి అదే. గిలక అదే. తాడు నిరుడు మార్చారు,
అది జనపనారే.
తలుపు దగ్గర కోడలు కైయున్
కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది.
చలికాలంలో నీలం ప్లాస్టిక్ బొక్కెన కొన్నది తనే,
అత్త నడుం నొప్పి చూడలేక,
తేలిగ్గా ఉంటుందని.
పాత బొక్కెన
కోళ్ళ గూటిలో ఉంది. లోపల గడ్డి,
గడ్డి మీద ఒక తెల్లకోడి.

ముప్పై ఎనిమిదేళ్ళు
బావికీ అన్నానికీ మధ్య ఊగిన బొక్కెన.
రాత్రంతా నీళ్ళు పట్టుకుని
మూల నిలబడ్డ బొక్కెన.
పూత అరిగి, అడుగున
చేప పొలుసుల మచ్చలు తేలాయి.
ఏ అంగట్లోనూ కొనని దినుసు
రోజూ కాస్త కరిగి కలుస్తూ వచ్చిందని
ఆ ఇంట్లో ఎవరూ లెక్క రాయలేదు.

కోడలిని ఎవరూ ఏమీ అనలేదు.
సూజెన్ కోడిని లేపింది,
వేడిగా ఉన్న గుడ్డు నా చేతిలో పెట్టింది,
ఇసకతో బొక్కెన తోమింది.

తర్వాతి వాయి గులాబీ తిరిగింది.
దానిమ్మ కాలేదు.
నీళ్ళు పంపండి, మాంగనీసు కూడా చూస్తాను,
అని ఫోన్ చేశాను.
"బొక్కెన ముసలిదైంది నాయనా,
ఒక రాత్రి చాలదు దానికి,
రెండు రాత్రులు ఉంచుతాను," అని పెట్టేసింది.

నెల తర్వాత ఒక కవరు.
కాగితంలో చుట్టిన గుప్పెడు ఎర్రన్నం,
ఎండి, గలగలమంటూ,
నలుపు తొంగిచూసేంత ఎరుపు.
అది బొక్కెన పనో, రెండో రాత్రి పనో,
వాన తెరిపిచ్చిందో,
నా ఏడు సీసాల్లో దేనికీ తెలియదు.
మరకల మధ్య కైయున్ చేతిరాత, రెండే ముక్కలు:

"ప్లాస్టిక్ బొక్కెనలో కోడి గుడ్డు పెట్టనంటోంది.
దానికి ఏ ఉప్పు వెయ్యాలి?"